ప్లానెట్ శాటిలైట్

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల్లో బ్రిటన్‌లో రూపొందిన నాలుగు సీట్ల తేలికపాటి ప్రయాణికుల విమానం ప్లానెట్ శాటిలైట్. దేహం, రెక్కలు, తోక మెగ్నీషియం మిశ్రలోహంతో చేయడం, ఇంజను దేహం మధ్యలో ఉండి ప్రొపెల్లర్ తోక చివర తిరగడం, తోక ‘వి’ ఆకారంలో ఉండడం దీని ముఖ్య లక్షణాలు. 1948 సెప్టెంబరులో ఫార్న్‌బరో వైమానిక ప్రదర్శనలో దీన్ని ప్రజల ముందు నిలిపారు. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో నేలను వదిలి కొద్దిపాటి ఎత్తు మాత్రమే లేవగలిగింది. దేహానికి ఆధారమైన కీల్ బీటలు వారడంతో పని ఆగిపోయింది. ఒక విమానం పూర్తయింది, రెండో దాని దేహం మరో ప్రయోగానికి వెళ్లింది, ఉత్పత్తి మొదలే కాలేదు.

పేరు, వర్గీకరణ

తయారీ సంస్థ పేరు ప్లానెట్ ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్. ప్లానెట్ అంటే గ్రహం కాబట్టి, దాని నుంచి పుట్టిన విమానానికి శాటిలైట్, అంటే ఉపగ్రహం, అని పేరు పెట్టారు. మనిషి చేసిన ఉపగ్రహం అప్పటికి లేదు. స్పుత్నిక్ 1957 అక్టోబరులో గాని ఆకాశానికి చేరలేదు. 1948 నాటి పాఠకుడికి ఈ మాట చంద్రుడి వంటి సహజ ఉపగ్రహాన్నే గుర్తుచేసేది.

వైమానిక పరిభాషలో ఇది ఒకే ఇంజను గల ఏకతల విమానం. ప్రొపెల్లర్ వెనక నుంచి నెట్టే ‘పుషర్’ తరగతికి చెందుతుంది. పైలట్‌తో కలిపి నలుగురు కూర్చునే ఈ విమానం సొంత విమానం కొనుక్కోగల వ్యాపారులను, చిన్న అద్దె విమాన సంస్థలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. (అదే కాలపు ఇలాంటి ప్రయత్నాలకు చూ. ‘సమకాలీన విమానాలు’.)

చారిత్రక నేపథ్యం

యుద్ధం నడుస్తుండగానే బ్రిటిష్ ప్రభుత్వం శాంతి కాలపు పౌర విమానాల గురించి ఆలోచించింది. 1942 డిసెంబరులో లార్డ్ బ్రబజాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే భారీ విమానం మొదలు ఊరి నుంచి ఊరికి నడిచే చిన్న విమానం వరకు ఏయే తరహా విమానాలు కావాలో ఆ సంఘం నిర్ణయించింది. చిన్న విమానాల తరగతి కింద డి హావిలాండ్ డవ్, మైల్స్ మారథాన్ రూపొందాయి. 1945 సెప్టెంబరులో తొలిసారి ఎగిరిన డవ్ ఐదు వందలకు పైగా తయారై యుద్ధానంతర బ్రిటిష్ చిన్న విమానాల్లో పెద్ద విజయంగా నిలిచింది.

బ్రబజాన్ సంఘం సిఫార్సుల బయట కూడా చాలా సంస్థలు సొంత పెట్టుబడితో రంగంలోకి దిగాయి. వాటి లెక్క సూటిగా ఉండేది. వైమానిక దళం వేలాది మందికి విమానం నడపడం నేర్పింది. యుద్ధం ముగిశాక వాళ్లు ఇళ్లకు చేరతారు. అందులో కొందరైనా సొంతానికో వ్యాపారానికో విమానం కొంటారు. యుద్ధ అవసరాల కోసం పెరిగిన లోహశాస్త్రం, ఇంజన్ల పరిజ్ఞానం పౌర విమానాలకు చౌకగా అందుతాయి. శాటిలైట్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఆచరణలో లెక్క తప్పింది. యుద్ధం పైలట్లతో పాటు విమానాలను కూడా మిగిల్చింది. పెర్సివల్ ప్రొక్టర్, ఆస్టర్ వంటి సైనిక చిన్న విమానాలను ప్రభుత్వం మిగులు సరుకుగా అమ్మేసింది. ఎయిర్‌స్పీడ్ సంస్థ ఆక్స్‌ఫర్డ్ శిక్షణ విమానాలను మార్చి ‘కాన్సల్’ పేరుతో నూట యాభైకి పైగా అమ్మింది. పాత విమానం చేతికందే ధరకు దొరుకుతుంటే కొత్తదానికి అనేక రెట్లు పెట్టేవాళ్లు అరుదు. పెట్రోలుపై రేషన్ 1950 దాకా ఎత్తలేదు. 1946 నాటి పౌర విమానయాన చట్టం నిర్ణీత మార్గాల్లో నడిచే సర్వీసులను ప్రభుత్వ సంస్థల చేతికి ఇచ్చింది కాబట్టి ప్రైవేటు సంస్థలకు మిగిలిన పని కొద్దిపాటి అద్దె ప్రయాణాలే. తేలికపాటి విమానాలకు పేరుమోసిన మైల్స్ సంస్థే 1947లో ఆర్థికంగా కూలిపోయింది. శాటిలైట్ ప్రజల ముందుకు వచ్చింది దాని మరుసటి ఏడాది.

రూపకర్త, సంస్థ

విమాన రూపకర్త మేజర్ జె. ఎన్. డండస్ హీనన్. హీనన్, విన్ అండ్ స్టీల్ అనే ఇంజనీరింగ్ సలహాదారుల సంస్థలో ఆయన భాగస్వామి. పెట్టుబడి డిస్టిలర్స్ కంపెనీ నుంచి వచ్చింది. స్కాచ్ విస్కీ వ్యాపారంలో అగ్రగామి అయిన ఆ సంస్థ అప్పటికే పారిశ్రామిక ఆల్కహాల్, రసాయనాలు, ప్లాస్టిక్కుల తయారీకి విస్తరించింది. ప్లానెట్ ఎయిర్‌క్రాఫ్ట్ దాని అనుబంధ సంస్థ. మద్యం కంపెనీ విమానం చేయడమేమిటని నేటి పాఠకుడికి అనిపించవచ్చు. రసాయన, లోహ పరిశ్రమల్లోకి అడుగుపెడుతున్న ఒక పెద్ద సంస్థకు కొత్త మిశ్రలోహం సత్తా చాటే విమానం మంచి ప్రకటన అవుతుందన్నది గుర్తుంచుకుంటే అందులో వింత లేదు.

డి హావిలాండ్, పెర్సివల్ వంటి సంస్థలకు దశాబ్దాల అనుభవం ఉంది. ప్రతి కొత్త విమానం వెనక అంతకు ముందు విరిగిన, సరిదిద్దిన, మళ్లీ పరీక్షించిన విమానాల పాఠాలు ఉంటాయి. ప్లానెట్‌కు అలాంటి పూర్వానుభవం లేదు. దాని మొదటి విమానమూ చివరి విమానమూ శాటిలైటే. తయారీ లండన్‌కు దక్షిణాన క్రాయ్‌డన్‌లో ఉన్న రెడ్‌వింగ్ కర్మాగారంలో సాగింది. తర్వాత దాన్ని రెడ్‌హిల్ విమానాశ్రయానికి తరలించారు.

మెగ్నీషియం మిశ్రలోహం

శాటిలైట్‌ను తోటి విమానాల నుంచి వేరు చేసింది అన్నిటికంటే ముందు దాని లోహం. అప్పటి విమానాలు అల్యూమినియం మిశ్రలోహంతోనో, కలప, గుడ్డతోనో తయారయ్యేవి. శాటిలైట్‌కు వాడింది మెగ్నీషియానికి కొద్దిగా జిర్కోనియం కలిపిన మిశ్రలోహపు రేకు.

ఘన సెంటీమీటరు మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.70 గ్రాములు తూగుతుంది. అంటే మూడో వంతుకు పైగా తేలిక. కాని వంగకుండా నిలిచే గుణం కూడా మెగ్నీషియంలో తక్కువే. స్థితిస్థాపక గుణకం అల్యూమినియానికి సుమారు 70 గిగాపాస్కల్ ఉంటే మెగ్నీషియానికి 45 మాత్రమే. పైకి చూస్తే లాభం ఇక్కడే ఆవిరైపోయినట్టు కనిపిస్తుంది. అసలు సంగతి రేకు మందంలో ఉంది. ఒకే బరువు గల రెండు రేకులు తీసుకుంటే మెగ్నీషియం రేకు అల్యూమినియం రేకు కంటే ఒకటిన్నర రెట్లు మందంగా ఉంటుంది. పలుచని రేకు ముడత పడకుండా నిలవడం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క కడితే సమాన బరువు గల మెగ్నీషియం రేకు రెండు రెట్లకు మించి గట్టిగా నిలుస్తుంది.

విమాన దేహంలో పలుచని పై రేకు ముడుచుకుపోకుండా లోపల వలయాల్లాంటి చట్రాలు, పొడవాటి పట్టీలు వరసగా బిగించాలి. రేకు తనంతట తానే గట్టిగా నిలిస్తే ఆ చట్రాల్లో చాలా వాటిని తీసేయవచ్చు. విడిభాగాలు తగ్గుతాయి, రివెట్లు తగ్గుతాయి, కూలి ఖర్చు తగ్గుతుంది, తయారీ వేగం పెరుగుతుంది. శాటిలైట్ నిర్మాణ సూత్రం ఇదే. ఈ సూత్రంలో తప్పు పట్టాల్సింది లేదు.

లోహానికి ఇబ్బందులూ ఉన్నాయి. మెగ్నీషియం స్ఫటిక నిర్మాణం షట్కోణాకారంలో ఉండడం వల్ల చల్లగా ఉన్నప్పుడు వంచితే పగులుతుంది. వేడి చేసి వంచాలి. ఉప్పు గాలి తగిలితే త్వరగా క్షయిస్తుంది. ఉక్కు బోల్టు వంటి మరో లోహాన్ని నేరుగా తాకితే, మధ్యలో తేమ చేరినప్పుడు విద్యుత్ రసాయన చర్య మొదలై మెగ్నీషియమే కరుగుతుంది. కోత పెట్టేటప్పుడు రాలే సన్నని పొట్టు నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం, నీళ్లు పోస్తే మంట పెరుగుతుంది. జిర్కోనియం కలిపితే లోహంలోని రేణువులు సన్నబడి బలం, సాగే గుణం పెరుగుతాయి. 1930ల చివర జర్మనీలో కనుగొన్న ఈ ప్రభావాన్ని బ్రిటన్‌లో మెగ్నీషియం ఎలెక్ట్రాన్ సంస్థ 1940లలో పారిశ్రామిక స్థాయికి తెచ్చింది.

మెగ్నీషియం విమానాలకు కొత్తదేమీ కాదు. ఇంజను పెట్టెలు, చక్రాలు, పోత భాగాలు దానితో చేయడం యుద్ధానికి ముందు నుంచే ఉంది. అమెరికాలో నార్త్రప్ సంస్థ 1943లో ఎక్స్‌పి-56 అనే యుద్ధ విమాన నమూనాను మెగ్నీషియంతో అతికి తయారు చేసింది. కన్వేర్ బి-36 బాంబర్‌లోనూ పెద్ద మొత్తంలో వాడారు. సొంతదారులు కొనే చిన్న విమానాన్ని మొత్తంగా దానితోనే చేయబూనడం శాటిలైట్ ప్రత్యేకత.

దేహ నిర్మాణం

విమానం నీటి బొట్టు ఆకారంలో ఉంటుంది. ముక్కు గుండ్రంగా మొదలై కాబిన్ దగ్గర లావెక్కి తోక వైపు సన్నబడుతుంది. ముందు భాగంలో ఇంజను గాని ప్రొపెల్లర్ గాని లేనందున పైలట్‌కు ముందు, పక్కల చూపు అడ్డు లేకుండా ఉంటుంది. చక్రాల అమరిక మూడు కాళ్లది, ఎగిరాక లోపలికి ముడుచుకునే రకం. ముక్కు కింద చక్రం ఉండడం వల్ల నేల మీద విమానం సమతలంగా నిలుస్తుంది. ఎక్కడం దిగడం తేలిక, నేల మీద నడిపేటప్పుడు దారి కనిపిస్తుంది. అప్పటి బ్రిటిష్ చిన్న విమానాలు చాలా వరకు తోక కింద చక్రంతో వెనక్కి వాలి నిలిచేవి.

లోపలి చట్రాలను బాగా తగ్గించిన ఈ దేహానికి అడుగున పొడవునా సాగే కీల్ అనే దూలమే ప్రధాన ఆధారం. ఇంటి కప్పుకు నడిమి దూలం ఎలాంటిదో దీనికి కీల్ అలాంటిది. పై రేకు కీల్‌కు బిగుస్తుంది, నేల తగిలినప్పుడు చక్రాల నుంచి వచ్చే భారం కీల్‌కే చేరుతుంది.

గాల్లో ఉన్న విమానానికి, నేల మీద దిగుతున్న విమానానికి మధ్య ఉన్న తేడాను ఇక్కడ వివరించాలి. గాల్లో రెక్క పొడవునా పరుచుకున్న గాలి ఒత్తిడే బరువును మోస్తుంది. భారం విశాలంగా పంచుకుపోతుంది కాబట్టి గట్టి రేకు దానికి బాగా పనికొస్తుంది. నేల తగిలిన క్షణాన విమానం మొత్తం బరువు, దిగుతున్న వేగం వల్ల అంతకు మించి పుట్టే బలం రెండు మూడు బిందువుల దగ్గర పోగవుతాయి. అలా పోగైన బలాన్ని పలుచని రేకు తనంతట తాను మోయలేదు. దాన్ని పక్కలకు పంచే చట్రాలు, బిగింపులు, మందపాటి పోత భాగాలు కావాలి. చట్రాలు తగ్గించిన నిర్మాణానికి కష్టం వచ్చేది కచ్చితంగా ఇక్కడే. (ఈ లోపం ఎలా బయటపడిందో చూ. ‘పరీక్షలు’.)

ఇంజను, చోదనం

శాటిలైట్‌కు డి హావిలాండ్ గిప్సీ క్వీన్ ఇంజను అమర్చారు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో తలకిందులుగా ఉండి గాలితో చల్లబడే ఈ ఇంజను సుమారు 250 అశ్వశక్తి ఇస్తుంది. విమానం గరిమనాభికి దగ్గరగా, కాబిన్ వెనక దాన్ని ఉంచారు. అక్కడి నుంచి పొడవాటి ఇరుసు దేహం లోపలే సాగి తోక చివర ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది.

ఈ అమరికకు బలమైన కారణాలు ఉన్నాయి. ముక్కున తిరిగే ప్రొపెల్లర్ గాలిని సుడులు తిప్పి దేహం మీదికి, రెక్కల మొదళ్ల మీదికి నెడుతుంది. దాని వల్ల రాపిడి పెరుగుతుంది. ప్రొపెల్లర్ తోక చివర ఉంటే విమానం కదలని గాలిలోంచే సాగుతుంది. హోరు, పొగ, చమురు తుంపర్లు ప్రయాణికులకు వెనకబడతాయి. 

చిక్కులు నాలుగు. మొదటిది ఇరుసు. పిస్టన్ ఇంజను శక్తి సమంగా రాదు, ప్రతి సిలిండరు మండినప్పుడు ఒక కుదుపుగా వస్తుంది. పొడవాటి ఇరుసు ఆ కుదుపులకు మెలిక తిరిగి విప్పుకుంటూ కంపిస్తుంది. కంపనం ఇరుసు సహజ పౌనఃపున్యంతో కలిస్తే ఇరుసో బేరింగులో తెగిపోతాయి. రెండోది చల్లబరచడం. ముక్కున ఉన్న ఇంజనుకు ప్రొపెల్లర్ గాలి నేరుగా తగులుతుంది, దేహంలో మూసి ఉన్న ఇంజనుకు తగలదు. శాటిలైట్‌లో దేహానికి చీలికలు పెట్టి వాటి గుండా గాలిని లోపలికి తీసుకుని, ప్రొపెల్లర్ మొదలు దగ్గర చుట్టూ ఉన్న వలయాకారపు సందు నుంచి బయటికి పంపారు. మూడోది నేల. ఎగరడానికి ముక్కు ఎత్తితే తోక కిందికి దిగి ప్రొపెల్లర్ నేలకు తగిలే ప్రమాదం ఉంది. తోక కింద అమర్చిన చిన్న నిలువు రెక్క దానికి రక్షణ. నాలుగో దాన్ని తరచూ మరచిపోతారు. ముక్కున ప్రొపెల్లర్ ఉన్న విమానంలో అది నెట్టే గాలి తోకకు తగిలి, వేగం పుంజుకోక ముందే తోక పనిచేయడం మొదలుపెడుతుంది. ప్రొపెల్లర్ తోక వెనక ఉంటే ఆ సాయం అందదు, ముక్కు ఎత్తాలంటే విమానం ఎక్కువ దూరం పరుగెత్తాలి.

తోక

మామూలు విమానానికి తోకలో మూడు తలాలు ఉంటాయి. నిలువు తలం పక్కలకు తిరగడాన్ని, రెండు అడ్డ తలాలు ముక్కు పైకీ కిందికీ కదలడాన్ని అదుపు చేస్తాయి. ‘వి’ తోకలో ఏటవాలుగా పైకి చాచిన రెండు తలాలే ఈ రెండు పనులూ చేస్తాయి. వాటి అంచుల్లోని కదిలే భాగాలు ఒకే దిక్కుకు కదిలితే ముక్కు లేస్తుంది లేదా దిగుతుంది, ఎదురెదురుగా కదిలితే విమానం పక్కకు తిరుగుతుంది. పైలట్ పెడల్, కర్ర కదలికలను కలిపి పంపే యంత్ర సంధానం లోపల ఉంటుంది. పోలండ్ ఇంజనీరు యెజి రుడ్లిట్స్కీ ఈ ఏర్పాటును రూపొందించి 1931లో ఎగిరే విమానం మీద పరీక్షించాడు. శాటిలైట్‌లో కింది నిలువు రెక్కతో కలిపి చూస్తే తోక తలకిందులు కాకుండా నేరుగా నిలిచిన ‘వై’ అక్షరంలా కనిపిస్తుంది.

కొలతలు, అంచనా సామర్థ్యం

రెక్కల చివర నుంచి చివరకు సుమారు 10.2 మీటర్లు, పొడవు సుమారు 8 మీటర్లు, పూర్తి బరువు సుమారు 1,318 కిలోలు. గరిష్ఠ వేగం గంటకు 335 కిలోమీటర్లు, ఒక్క విడతలో ప్రయాణించే దూరం సుమారు 1,600 కిలోమీటర్లు అని అంచనా వేశారు. ఈ చివరి రెండు సంఖ్యలు కాగితం మీదివి. వాటిని నిరూపించేంత దూరం, వేగం విమానం ఎన్నడూ అందుకోలేదు.

పరీక్షలు

1948లో బ్రిటిష్ విమాన నిర్మాతల సంఘం తన వార్షిక ప్రదర్శనను మొదటిసారి ఫార్న్‌బరోలో జరిపింది. అక్కడ శాటిలైట్ నేల మీద ప్రదర్శనకే పరిమితమైంది. నునుపైన దేహం, కనిపించని ఇంజను, సీతాకోక చిలుక రెక్కల్లాంటి తోక చూపరులను ఆకట్టుకున్నాయి. పక్కన నిలిచిన సాధారణ విమానాల ముందు అది తరవాతి తరానికి చెందినదిగా కనిపించింది.

ఎగిరే పరీక్షలకు హాంప్‌షైర్‌లోని బ్లాక్‌బుష్ విమానాశ్రయాన్ని ఎంచుకున్నారు. జి-ఏఎల్‌ఓఐ అనే నమోదు గుర్తు పొందిన ఈ విమానాన్ని పరీక్షించే బాధ్యత గ్రూప్ కెప్టెన్ హెచ్. జె. విల్సన్ తీసుకున్నాడు. ఆయన అప్పటికే ప్రసిద్ధుడు. 1945 నవంబరు 7న గ్లోస్టర్ మీటియర్ జెట్ విమానంలో గంటకు 606 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంతటి పైలట్ చేతిలో పెట్టడం సంస్థ ఈ పనిని ఎంత శ్రద్ధగా తీసుకుందో చెబుతుంది.

తొలి ప్రయత్నంలోనే చక్రాల అమరిక కుప్పకూలింది. మరమ్మతు చేసి 1949లో మళ్లీ ప్రయత్నించారు. ఈసారి విమానం నేలను వదిలి తక్కువ ఎత్తులో కొద్ది దూరం సాగి మళ్లీ రన్‌వే మీదికి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. దిగాక విప్పి చూస్తే ప్రధాన కీల్ బీటలు వారి ఉంది.

మామూలుగా దిగినందుకే వెన్నెముక పగలడం మరమ్మతుతో సరిపెట్టే సమస్య కాదు. విమానం ఎగరదగినదని యోగ్యతాపత్రం ఇచ్చే అధికారం ఎయిర్ రిజిస్ట్రేషన్ బోర్డుది. దేహ నిర్మాణాన్ని మూలం నుంచి మార్చితే తప్ప అనుమతి రాదని భార విశ్లేషణలో తేలింది. అలా మార్చాలంటే చట్రాలు చేర్చాలి, కీల్‌ను బలపరచాలి, బరువు పెరుగుతుంది. తేలికదనం, తక్కువ విడిభాగాలు అన్న అసలు ఉద్దేశమే పోతుంది. అప్పటికే మార్కెట్ ఆశలు సన్నగిల్లాయి. ప్లానెట్ సంస్థ పనిని విడిచిపెట్టింది.

వైఫల్య కారణాల పరిశీలన

శాటిలైట్ విఫలమవడానికి మెగ్నీషియాన్నే నేరుగా నిందించడం సరికాదు. లోహం విరిగింది దాని మీద పడ్డ భారాన్ని సరిగా లెక్క కట్టనందువల్ల. కొత్త లోహంతో విమానం చేసేటప్పుడు ముందు ఒక దేహాన్ని పరీక్షశాలలో బిగించి, బరువులు వేసి, ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడం పెద్ద సంస్థల పద్ధతి. కీల్ లోపం గాల్లోకి లేచి దిగిన తర్వాత గాని తెలియలేదంటే, నేల మీద జరగాల్సిన ఆ పని తగినంతగా జరగలేదనే అనుకోవాలి.

రెండో కారణం ఒకే విమానంలో ఎన్నో కొత్త సంగతులను కలపడం. మెగ్నీషియం దేహం, పొడవాటి ఇరుసు, మూసిన ఇంజను, ‘వి’ తోక, ముడుచుకునే మూడు చక్రాలు, వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా పనిచేసిన ఉదాహరణ లోకంలో ఉంది. అన్నీ ఒకేసారి, ఇంతకుముందు విమానం చేయని ఒక సంస్థ చేతిలో కలవడమే కష్టమైంది. లోపం ఎక్కడ బయటపడినా మిగతావన్నీ దానితో పాటు ఆగిపోతాయి. కీల్ దగ్గరే ప్రయాణం ఆగడంతో ఇరుసు, చల్లబరిచే పద్ధతి, తోక, ఇవి నిజంగా ఎలా పనిచేసేవో తేల్చుకునే అవకాశమే దొరకలేదు. ఈ విమానం చరిత్రలో నిజంగా విచారించదగిన విషయం అదే.

మార్కెట్ పడిపోవడం మూడో కారణం. విమానం బాగా ఎగిరి ఉన్నా 1949 బ్రిటన్‌లో వందల సంఖ్యలో అమ్ముడుపోయేదని నమ్మడానికి ఆధారం లేదు.

ఫర్త్ అట్లాంటిక్

రెండో విమానానికి జి-ఏఎల్‌ఎక్స్‌పి గుర్తు కేటాయించారు. పని ఆగేనాటికి సగంలో ఉన్న దాని దేహాన్ని ఫర్త్ హెలికాప్టర్స్ సంస్థ తీసుకుంది. ఎఫ్‌హెచ్-01/4 అట్లాంటిక్ పేరుతో, దేహానికి రెండు పక్కల రెండు రోటర్లు ఉన్న హెలికాప్టర్‌గా మార్చే పని 1950ల మొదట్లో మొదలుపెట్టింది. అమెరికాలో ఫ్రెడ్ లాండ్‌గ్రాఫ్ అభివృద్ధి చేసిన రోటర్ పద్ధతి దానికి మూలం. అదీ ఎగరలేదు. 1955లో క్రాన్‌ఫీల్డ్‌లోని కాలేజ్ ఆఫ్ ఏరోనాటిక్స్‌కు విద్యార్థుల బోధన కోసం ఇచ్చేశారు.

సమకాలీన విమానాలు

ఉత్పత్తి దాకా రాని యుద్ధానంతర బ్రిటిష్ చిన్న ప్రయాణికుల విమానాల్లో శాటిలైట్ ఒకటి మాత్రమే. 1947 మే నెలలో పది రోజుల తేడాతో రెండు ఎగిరాయి. పెర్సివల్ మెర్గాన్సర్ మే 9న, కన్‌లిఫ్-ఓవెన్ కాంకార్డియా మే 19న. మెర్గాన్సర్‌కు తగిన ఇంజన్లు దొరకలేదు, కాని దాని రూపాన్ని పెంచి చేసిన పెర్సివల్ ప్రిన్స్ మరుసటి ఏడాది ఎగిరి ఉత్పత్తికి వెళ్లింది. సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీలో తయారైన పది సీట్ల కాంకార్డియా రెండు విమానాలతో ఆగిపోయింది. అమ్మకాలు లేక అదే ఏడాది చివర్లో పని నిలిపివేశారు. 1947 జూన్ 18న ఎగిరిన పోర్ట్స్‌మత్ ఏరోకార్‌కు రెండు ఇంజన్లు, రెండు తోక దూలాలు ఉండేవి. సరుకులకూ ప్రయాణికులకూ పనికొచ్చే ఆ విమానం కూడా ఒక్కటే పూర్తయింది.

ఈ మూడూ ఎగిరాయి, బాగానే ఎగిరాయి. వాటిని ఆపింది డబ్బు, ఇంజన్ల కొరత, కొనేవాళ్లు లేకపోవడం. ఆ వరుసలో నిర్మాణ లోపంతో ఆగింది శాటిలైటే.

ఇతర దేశాల విమానాలతో పోలిక

అమెరికాలో బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా 1945 డిసెంబరు 22న తొలిసారి ఎగిరింది. నాలుగు సీట్లు, ‘వి’ తోక, ముడుచుకునే మూడు చక్రాలు దానికీ ఉన్నాయి. లోహం మాత్రం అలవాటైన అల్యూమినియం, ఇంజను అలవాటైన చోట, ముక్కున. కొత్తదనం ఒక్క తోకలోనే. ‘వి’ తోక బొనాంజాలు 1982 వరకు పది వేలకు పైగా తయారయ్యాయి. ఆ తోక బలం గురించి తర్వాతి కాలంలో సందేహాలు తలెత్తి 1980లలో వాటిని బలపరచాల్సి వచ్చింది. శాటిలైట్‌కు అతి దగ్గరి పోలిక బొనాంజానే. రెండూ ఒకే కొనుగోలుదారును వెతికాయి. ఒకటి ఒక్క అడుగు ముందుకు వేసింది, రెండోది ఒకేసారి నాలుగైదు అడుగులు వేయబోయింది.

తోక ప్రొపెల్లర్ విషయంలో డగ్లస్ క్లౌడ్‌స్టర్ 2 ఉదాహరణ. 1947 మార్చిలో ఎగిరిన ఈ ఐదు సీట్ల విమానంలో దేహం మధ్య రెండు ఇంజన్లు కలిసి తోక చివర ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పేవి. కంపనం, ఇంజను వేడెక్కడం దాన్ని ఇబ్బంది పెట్టాయి. ఒక్కటి తయారు చేసి డగ్లస్ వదిలేసింది.

శాటిలైట్ రూపాన్ని దాదాపు పూర్తిగా తలపించే విమానం మూడు దశాబ్దాల తర్వాత వచ్చింది. అది లియర్ ఫాన్ 2100. కార్బన్ ఫైబర్ దేహం, తోక చివర ఒకే ప్రొపెల్లర్, ‘వై’ ఆకారపు తోక. మెగ్నీషియం స్థానంలో కార్బన్ ఫైబర్, పిస్టన్ ఇంజను స్థానంలో రెండు టర్బైన్లు. ఉత్పత్తి ఉత్తర ఐర్లండ్‌లో జరిగేలా బ్రిటిష్ ప్రభుత్వం పెట్టుబడి పెట్టింది. 1980 ముగిసేలోగా ఎగరాలన్నది షరతు. విమానం 1981 జనవరి 1న నెవాడాలో ఎగిరింది, ఆ తేదీని ‘1980 డిసెంబరు 32’గా లెక్కించారు. మూడు నమూనా విమానాలు ఎగిరినా యోగ్యతాపత్రం రాక ముందే, 1985లో సంస్థ దివాలా తీసింది. హీనన్ ఎంచుకున్న అమరిక గాల్లో పనిచేస్తుందని మాత్రం అది చూపించింది.

చివరి దశ

మొదటి శాటిలైట్ పని ఆగిపోయాక రెడ్‌హిల్‌కు చేరి సంవత్సరాల పాటు అక్కడే ఉండిపోయింది. 1958లో దాన్ని ముక్కలు చేసి తుక్కు కింద తీసేశారు.